చలికాలంలో షవర్ ఎందుకు అలుగుతుంది?

యూకేలో అద్దెకు దిగిన మనవాళ్లకు మొదటి చలికాలం రాగానే వచ్చే డౌట్ ఒకటే. ‘వేసవిలో బాగానే వచ్చిన వేడినీళ్లు ఇప్పుడు గోరువెచ్చగా వస్తున్నాయేంటి?’ అని. చాలాసార్లు బాయిలర్ పాడవదు. లెక్క మారుతుంది, అంతే!

లెక్క ఇదీ

మన గీజర్‌లో ట్యాంకు ఉంటుంది. నీళ్లు కాగేదాకా ఆగి స్నానం చేస్తాం. కాంబి బాయిలర్‌కి ఆ ట్యాంకు ఉండదు. కొళాయి తిప్పగానే గ్యాస్ వెలిగి, పారే నీటినే అప్పటికప్పుడు కాచి పంపుతుంది. అందుకే నీళ్లు అయిపోవు కానీ, నిమిషానికి ఎంత కాచగలదో దానికో హద్దు ఉంటుంది. 24 కిలోవాట్ల బాయిలర్ నిమిషానికి సుమారు 10 లీటర్లను 35 డిగ్రీల మేర వేడి చేస్తుంది. పైపులో నీళ్లు 15 డిగ్రీలుంటే 50 అవుతాయి. చలికి 5 డిగ్రీలకు పడిపోతే 40 దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు కొళాయి కొంచెం తగ్గించి చూడండి, వేడి పెరుగుతుంది. మరీ సన్నగా తిప్పితే మాత్రం బర్నర్ ఆరిపోతుంది. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు సింకులో వేడినీళ్లు వదలకపోవడం మంచిది.

బకెట్, ఫోను చాలు

కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు నేను ముందు చూసేది సమస్య ఒక్కచోటేనా, అన్నిచోట్లా అని. ఇక్కడా అదే పద్ధతి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నిమిషంలో బకెట్‌లోకి ఎన్ని లీటర్లు వస్తున్నాయో ప్రతి కొళాయి దగ్గరా చూడండి.

* ఒక్క షవర్‌లోనే ధార తగ్గితే సున్నం పట్టి ఉండొచ్చు. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. షవర్ హెడ్ విప్పి వైట్ వెనిగర్‌లో నానబెట్టి కడగండి.
* చల్లనీళ్లు కూడా సన్నగా వస్తుంటే, ఇంటి స్టాప్ ట్యాప్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి.
* చల్లనీళ్లు బాగా వస్తూ, వేడినీళ్లు మాత్రమే అన్ని కొళాయిల్లో తగ్గితే అనుమానం బాయిలర్ మీదే. లోపల ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌కి సున్నం పట్టి ఉండొచ్చు.
* రేడియేటర్లు కాలుతున్నా కొళాయి నీళ్లు వేడెక్కకపోతే డైవర్టర్ వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు.
* ప్రెషర్ గేజ్ చూడండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి. పదేపదే పడిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

మూత మాత్రం తీయొద్దు

యూట్యూబ్ చూసి బాయిలర్ విప్పాలని చేతులు దురద పెడతాయి. అది గ్యాస్‌తో పని. తేడా వస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అలారం పెట్టుకోండి. గ్యాస్ వాసన వస్తే బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి.

అద్దె ఇంట్లో బాయిలర్ రిపేరు మామూలుగా ఓనర్ బాధ్యతే. ఏటా గ్యాస్ సేఫ్టీ చెక్ చేయించడం కూడా చట్టప్రకారం ఆయన పనే. కాబట్టి మొహమాటపడకుండా మీ బకెట్ లెక్కతో సహా మెయిల్ పెట్టండి. వచ్చిన మనిషి గ్యాస్ సేఫ్ కార్డు అడిగి, వెనకవైపు కూడా చదవండి. ఏ పనులకు అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది.