పుట్టగొడుగుల గదిలో వేడి, తేమ

తొలకరి వాన వెలిసిన మరునాడు చెదపుట్టల మీద పుట్టగొడుగులు లేచుట మనము ఎరిగినదే. ఆనాటి గాలిలోని వేడి, తేమ వాటికి సరిపడుటచేతనే అవి లేచినవి. గదిలో పుట్టగొడుగులు పెంచుట అనగా అటువంటి గాలిని వారముల తరబడి నాలుగు గోడల నడుమ నిలుపుట. వరిగడ్డికి కొదవలేని మన కృష్ణా డెల్టాలో ఈ పనికి పూనుకొను కుటుంబములు మొదట తెలిసికొనవలసినది ఈ గాలి సంగతియే. అది తెలియనిచో గడ్డికి, విత్తనమునకు, సంచులకు పెట్టిన డబ్బు నాలుగు రోజుల ఉక్కలో కుళ్లిపోవచ్చును.

మన ప్రాంతమునకు అనువైన రకములు మూడు. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు 20 నుండి 30 డిగ్రీల వేడి కావలెను. వరిగడ్డి పుట్టగొడుగు, పాల పుట్టగొడుగు 30 నుండి 35 డిగ్రీలలో బాగుగా వచ్చును. పాల పుట్టగొడుగు 1974లో పశ్చిమ బెంగాలు నుండి శాస్త్రలోకమునకు తెలిసినది. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము అందులో ఏ.పీ.కే. 2 అను రకమును విడుదల చేసినది. మొగ్గ తొడిగిన తరువాత ఈ మూడింటికిని గాలిలో తేమ నూటికి 80 నుండి 90 పాళ్లు ఉండవలెను.

గది వేడెక్కినచో గోడలకు గోనెపట్టాలు కట్టి నీళ్లు చల్లుట అందరికీ తోచు ఉపాయము. ఇది అన్నివేళల పనిచేయదు. నీరు ఆవిరియగునప్పుడు గాలిలోని వేడిని తీసికొనును గనుక చల్లదనము కలుగును. గాలి పొడిగా ఉన్నప్పుడే నీరు త్వరగా ఆవిరియగును. పడమటి వడగాలి వీచు వేసవి మధ్యాహ్నమున గుడివాడలో వేడి 40 డిగ్రీలు, తేమ నూటికి 25 పాళ్లు ఉన్నదనుకొందము. అప్పుడు తడి గోనె గుండా వచ్చు గాలి మిక్కిలిగా చల్లబడును. లెక్క ప్రకారము 24 డిగ్రీల దాకా దిగవచ్చును. సముద్రపు గాలి వీచు మచిలీపట్నములో వేడి 34 డిగ్రీలే అయినను తేమ 75 పాళ్లు ఉన్నచో ఎంత తడిపినను 30కి దిగువకు రాదు. అట్టి వేళ నీరు చల్లుటవలన చల్లదనము స్వల్పము, బూజు అధికము. అప్పుడు తాటాకు కప్పు మందము చేయుట, పైకప్పు క్రింద గాలి పోవు సందు విడుచుట మేలు.

తేమను కొలుచుటకు రెండు థర్మామీటర్లు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి రెండింటిని ప్రక్కప్రక్కన వ్రేలాడదీయవలెను. పొడి బుడ్డి 28, తడి బుడ్డి 26 చూపినచో తేమ సుమారు 85 పాళ్లు. అంతరము 5 డిగ్రీలైనచో తేమ 65 పాళ్లకు దిగినదని గ్రహించి నేలపై పరచిన ఇసుకను తడపవలెను. సంచి లోపలి వేడిని కూడ మరువరాదు. పెరుగుచున్న బూజుపోగులు తామే వేడిని పుట్టించును గనుక సంచి నడుమ గది కన్న రెండు మూడు డిగ్రీలు హెచ్చుగా ఉండును. అందుచేత సంచులను ఒకదానినొకటి తగులకుండ వ్రేలాడదీయవలెను.

తేమ నిలుచునని తలుపులన్నియు బిగించుట మరియొక ప్రమాదము. పుట్టగొడుగులు కూడ ఊపిరి తీసి బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువు పేరుకొన్నచో కాడలు పొడవుగా సాగి గొడుగులు చిన్నవగును. అంచులు ఎండి పగిలినచో తేమ చాలదని, గొడుగుపై నీరు నిలిచి పసుపు మచ్చలు పడినచో తేమ మించినదని తెలిసికొనవలెను. ఉదయము, సాయంకాలము కొంతసేపు కిటికీలు తెరచి, ఆ తరువాత నీటిని మంచు వలె సన్నగా చల్లుట మంచిది.

దివిసీమలోను, బందరు తీరమునను పలు చోట్ల భూగర్భజలము ఉప్పన. ఆ నీరు చల్లినచో గోనెపై ఉప్పు పేరుకొని ఆవిరి తగ్గును, మొగ్గలును మాడును. వాన నీరుగాని, వడగట్టి శుద్ధిచేసిన కాలువ నీరుగాని వాడవలెను.

యంత్రములతో గాలిని మార్చుటకన్న ఋతువునకు తగిన రకమును ఎన్నుకొనుట చవుక. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ముత్యపు చిప్ప, వేసవిలో పాల పుట్టగొడుగు, వానకాలపు ఉక్కలో వరిగడ్డి పుట్టగొడుగు వేసికొనవచ్చును. మొదటిసారి పది సంచులతో ఆరంభించి, రోజుకు మూడుమార్లు రెండు థర్మామీటర్ల అంకెలను పుస్తకములో వ్రాసికొన్నచో, మన గది నడవడి మనకు తెలియును. ఆ పిమ్మట సంచుల సంఖ్య పెంచుకొనవచ్చును.