బలరాముడి వయసు 29

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. ఆ రోజుకి అందులో వేషాలు కట్టినవాళ్ల వయసులు ఒక కాగితం మీద రాసి చూడండి. కృష్ణుడు ఎన్టీ రామారావుకి 33. అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావుకి 32. ఘటోత్కచుడు ఎస్వీ రంగారావుకి 38. పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు రేలంగికి 46. ఆ పెళ్లికొడుకు తండ్రి దుర్యోధనుడు ముక్కామలకి 37. ఇక ద్వారకలో ఇంటిపెద్ద, ఆడపిల్ల తండ్రి, అందరూ లేచి నిలబడి దణ్ణం పెట్టాల్సిన బలరాముడు గుమ్మడి వెంకటేశ్వరరావుకి 29.

తమ్ముడు అన్నకంటే నాలుగేళ్లు పెద్ద. ఇంటికొచ్చిన అల్లుడు మామకంటే దాదాపు మూడేళ్లు పెద్ద. మామ ఏరికోరి తెచ్చుకోబోయిన అల్లుడైతే ఏకంగా 17 ఏళ్లు పెద్ద. కథలో ఎవరు పెద్దో లెక్కలో వాళ్లే చిన్న. అయినా ఆ సినిమా చూస్తూ ఒక్కరైనా "ఇదేంటి, అన్న ఇంత కుర్రాడేంటి" అనుకోగా నేను వినలేదు.

కాకుమానులో మా నాయనమ్మ టీవీలో పాత సినిమా చూసేటప్పుడు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. గుమ్మడి తెరమీదికి రాగానే కాళ్లు ముడుచుకుని, కొంగు భుజం మీదికి లాక్కునేది. "పెద్దాయన వచ్చాడు, కాస్త సౌండు పెంచరా" అనేది. ఆవిడ గుమ్మడికంటే వయసులో పెద్దదని నాకు చాలా కాలం తర్వాత లెక్క వేస్తే తెలిసింది. అప్పటికి ఆవిడ లేదు. ఆవిడ ముడుచుకున్న కాళ్లు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే. ఒక నటుడికి అంతకంటే కొలమానం ఏం కావాలి?

గుమ్మడి పుట్టింది మా వైపే, తెనాలి దగ్గర రావికంపాడులో, 1927 జులై 9న. మొదటి సినిమా 1950లో వచ్చిన 'అదృష్టదీపుడు'. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్లు. మొదట్లో చిన్నాచితకా వేషాలే. నాలుగేళ్ల తర్వాత, 1954లో, ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన 'తోడు దొంగలు'లో బియ్యం మిల్లు యజమాని పాత్ర ఇచ్చారు. మిల్లు మేనేజరు ఎన్టీఆర్. పనివాడి చావుని కలిసి కప్పిపుచ్చిన ఇద్దరి కథ అది. తెనాలి, రేపల్లె, బాపట్ల వాళ్లకి మిల్లు యజమానులు కొత్తవాళ్లు కాదు. పంచె కట్టు, బస్తాల మధ్య నడక, కూలీల వైపు చూసే చూపు చిన్నప్పటినుంచీ కళ్లముందున్నవే. మనిషిని చూసి పట్టుకున్న నడక అది, మేకప్‌తో వచ్చింది కాదని నా నమ్మకం. జాతీయ సినిమా పురస్కారాల్లో ఆ చిత్రానికి యోగ్యతా పత్రం దక్కింది.

మరుసటి ఏడాది 'అర్ధాంగి'. పి.పుల్లయ్య దర్శకుడు. అందులో గుమ్మడి జమీందారు. పెద్దకొడుకు అక్కినేని పుట్టింది 1924లో. భార్యగా వేసిన శాంతకుమారి పుట్టింది 1920లో. అంటే కొడుకు మూడేళ్లు, ఇల్లాలు ఏడేళ్లు పెద్ద. జమీందారు గారికి ముప్పై కూడా నిండలేదు. అదే 1955లో 'కన్యాశుల్కం' సినిమాలో సౌజన్యారావు పంతులూ ఆయనే. ఆ పాత్రలో నటన కంటే పెద్దరికం ముఖ్యం. ఊళ్లో అందరూ తలో మోసం చేస్తున్న కథలో ఒక్క మనిషి మాట మీద మనకి నమ్మకం కుదరాలి. 28 ఏళ్ల కుర్రాడి మీద ఆ భారం పెట్టారు.

ఎందుకిలా జరిగింది? దీనికి జవాబు ఇంకో అంకెలో ఉంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. గుమ్మడి మద్రాసులో అడుగుపెట్టేనాటికి మన టాకీకి 18 ఏళ్లు. పద్దెనిమిదేళ్ల పరిశ్రమలో అరవయ్యేళ్ల సినిమా నటులు ఎక్కణ్నుంచి వస్తారు? రంగస్థలం నుంచి వచ్చిన నాగయ్య, గోవిందరాజుల సుబ్బారావు లాంటివాళ్లు కొద్దిమంది. సాంఘిక సినిమాలు మాత్రం జోరందుకున్నాయి. ప్రతి కథలో ఒక తండ్రి కావాలి, ఒక జమీందారు కావాలి, ఆస్తి పంచే పెద్దమనిషి కావాలి. హీరోకి ఎప్పుడూ పాతికేళ్లే ఉండాలి. మరి ఆ ఇంటి వయసంతా ఎవరో ఒకరు మొయ్యాలి కదా. క్యారెక్టర్ ఆర్టిస్టు చేసే పని అదే. తెరమీద పక్కవాళ్ల యవ్వనాన్ని నిలబెట్టేది ఆయన నెరిసిన జుట్టే.

ఆ బరువు మొయ్యగలగడానికి మా ప్రాంతం గాలి కూడా కారణమనుకుంటాను. ఇక్కడ నాటకం ఊరికే కాలక్షేపం కాదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా వేస్తే చూడ్డానికి బళ్లు కట్టుకుని వెళ్లేవారు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మగవాడు నడివయసులో సత్యభామ కాగలిగినప్పుడు, కుర్రాడు ముసలివాడు కావడంలో వింతేముంది? స్టేజీ మీద వయసు ముఖంలో ఉండదు. నడకలో, గొంతులో, మాటకీ మాటకీ మధ్య తీసుకునే ఊపిరిలో ఉంటుంది. గుమ్మడి సంభాషణ ఒకసారి కళ్లు మూసుకుని వినండి. వాక్యం చివర గొంతు కొద్దిగా కిందికి దిగుతుంది, అరుపు ఉండదు. కోపం వచ్చినప్పుడు కూడా ముందు ఒక క్షణం ఆగుతాడు. ఇంట్లో పెద్దవాళ్లు అలాగే ఆగుతారు.

దాని శిఖరం 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు పింగళి నాగేంద్రరావు. రాయలు ఎన్టీఆర్ పుట్టింది 1923లో, తిమ్మరుసు గుమ్మడి 1927లో. ఆ నాలుగేళ్ల పెద్దవాడు ఈ చిన్నవాణ్ని సినిమా అంతా "అప్పాజీ" అని పిలవాలి. చివరికి కొడుకుని చంపాడన్న అనుమానంతో ఆ అప్పాజీ కళ్లు తీయించే శిక్ష వేస్తాడు రాయలు. కళ్లు పోయాక గుమ్మడి చేతుల్ని గమనించండి. ఎన్టీఆర్ అంతటి నటుడు ఎదురుగా కుమిలిపోతుంటే, మన చూపు మాత్రం ఆ తడుముకునే చేతుల మీదే ఉండిపోతుంది. రాష్ట్రపతి రజత పతకం పొందిన సినిమా అది. సినిమా పేరే క్యారెక్టర్ పాత్ర పేరు కావడం మనకి చాలా అరుదు.

తర్వాత అంకెలు పెరుగుతూ పోయాయి. మొత్తం సినిమాలు దాదాపు 500. నలభై ఐదేళ్లకి పంచితే ఏడాదికి పదకొండు. 1977లో పద్మశ్రీ వచ్చేసరికి ఆయనకి దాదాపు యాభై. అదే ఏడాది ఎన్టీఆర్ 'అడవిరాముడు'లో ఇద్దరు కథానాయికలతో ఆడిపాడే కుర్ర హీరో. వయసు 53. ఇరవై ఏళ్లు గడిచినా ఎవరి వరుస వాళ్లదే.

వేషం వయసుని అసలు వయసు అందుకున్నది నా లెక్కలో 1991లో. బాపు-రమణల 'పెళ్లిపుస్తకం'లో కంపెనీ యజమాని శ్రీధరరావు. గుమ్మడికి అప్పటికి 63. నిజంగా నెరిసిన మనిషి నెరిసిన పాత్రలో. తమాషా ఏమిటంటే, ముప్పయ్యేళ్ల కిందటి పెద్దరికానికీ దీనికీ తేడా కనిపించదు. ఆ తర్వాత గొంతు దెబ్బతింది. ఆయన వయసంతా దాచుకున్నది ఆ గొంతులోనే కాబట్టి, వేషాలు తగ్గిపోయాయి. 1998లో రఘుపతి వెంకయ్య పురస్కారం ఇచ్చారు.

అదే తెనాలి నుంచి ముప్పయ్యేళ్ల తర్వాతి తరంలో ఎ.వి.యస్. వచ్చారు. పుట్టింది 1957లో, మాయాబజార్ వచ్చిన ఏడాదే. పాత్రికేయుడిగా పనిచేసి, 1993లో 'మిస్టర్ పెళ్లాం'తో తెరమీదికొచ్చారు, 2013లో 56 ఏళ్లకే పోయారు. ఆయన లెక్కా అయిదొందలకు దగ్గరే అంటారు, అదీ ఇరవై ఏళ్లలో. గుమ్మడి వేగానికి రెట్టింపు పైమాటే. ఇక ఇవాళ వారానికి ఆరు రోజులొచ్చే టీవీ సీరియల్లో తాతయ్య వేషం వేసే నటుడైతే ఏడాదికి 312 భాగాల్లో కనిపించాలి. అంత పనిలో మాటకి ముందు ఒక క్షణం ఆగే తీరుబడి దొరుకుతుందా అని నాకు బెంగ.

గుమ్మడి 2010 జనవరి 26న, 82 ఏళ్ల వయసులో హైదరాబాదులో కన్నుమూశారు. నాలుగు రోజుల తర్వాత, జనవరి 30న, రంగులద్దిన 'మాయాబజార్' థియేటర్లకి వచ్చింది. తమ్ముడు, అల్లుడు, అందరూ వరసగా దణ్ణం పెట్టారు. బలరాముడికి అప్పుడూ 29 ఏళ్లే.