స్పిన్ తరంగాలను పసిగట్టే వజ్రం

వజ్రం అనగానే మనకు కోహినూరు, గోల్కొండ గుర్తుకొస్తాయి. గోల్కొండ వజ్రాల్లో మేలైనవి అంత స్వచ్ఛంగా ఉండటానికి కారణం వాటిలో నైట్రోజన్ దాదాపు లేకపోవడమే. కానీ నేటి భౌతికశాస్త్రానికి పనికొస్తున్నది వజ్రంలోని నైట్రోజన్ లోపమే. అదెలాగో చూద్దాం.

ముందుగా స్పిన్ తరంగం అంటే ఏమిటి? ఇనుము వంటి అయస్కాంత పదార్థంలో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు చిన్న అయస్కాంతాల్లా ఒకే దిశలో నిలిచి ఉంటాయి. ఒకదాన్ని కదిలిస్తే పక్కది కూడా కదులుతుంది. మన నంగునూరు వరిమడిలో గాలి వీస్తే మొక్క వేరు వదలదు, అల మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది. ఇదీ అంతే. 1930లో ఫెలిక్స్ బ్లాక్ ఈ తరంగాల సిద్ధాంతాన్ని చెప్పాడు. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. స్పిన్ తరంగం సాగడానికి ఎలక్ట్రాన్లు ప్రవహించనక్కర లేదు. అందుకే తక్కువ కరెంటుతో నడిచే కంప్యూటర్ చిప్‌ల కోసం శాస్త్రవేత్తలు దీనివైపు చూస్తున్నారు.

మరి కంటికి కనిపించని ఈ అలను పట్టేదెలా? వజ్రంలో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే, ఆ లోపం ఆకుపచ్చ లేజర్ కాంతిలో ఎర్రగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలితే దాని స్పిన్ మారి ఎరుపు మసకబారుతుంది. బయట అయస్కాంతం పెట్టి, రేడియోలో స్టేషన్ మార్చినట్టు ఈ పౌనఃపున్యాన్ని మిల్లీటెస్లాకు సుమారు 28 మెగాహెర్ట్జ్ చొప్పున జరపవచ్చు. వజ్రం కింద సాగే స్పిన్ తరంగం పౌనఃపున్యం దీనితో సరిపోలితే ఎరుపు తగ్గుతుంది. తగ్గిన చోట అల ఉన్నట్టే. అయితే వజ్రం పదార్థానికి బాగా దగ్గరగా ఉండాలి, లేకుంటే ఆ బలహీన క్షేత్రం అందదు. హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2015లో ఈ పద్ధతితో స్పిన్ తరంగాలను గుర్తించారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం 2020లో ఇట్రియం ఐరన్ గార్నెట్ పొరలో వాటి చిత్రాలే తీసింది.

వజ్రాన్ని పరిశోధించినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు, జె. భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను అతిధ్వని తరంగాలతో కొలిచి 1946లో ప్రచురించారు. తరువాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన మమ్మల్ని పీజీలో మొదట భయపెట్టింది ఇంగ్లీషు మాటలే, విషయం కాదు. తమ్ముళ్లూ, ఇంటర్‌లో తరంగాలు, అయస్కాంతత్వం పాఠాలను బట్టీ పట్టకుండా అర్థం చేసుకుని చదవండి. ఈ పరిశోధనకు పునాది ఆ రెండు పాఠాల్లోనే ఉంది.