వెయ్యి గుర్రాల కారు, ఆర్మూర్ ట్రాక్టరు

మెక్‌లారెన్ ఫార్ములా వన్ జట్టు 1997లో తన కార్లలో గుట్టుగా ఒక అదనపు బ్రేకు పెడల్ అమర్చింది. దాన్ని తొక్కితే వెనక చక్రాల్లో ఒక్కదానికే బ్రేకు పడుతుంది, కారు ఆ వైపుకు చటుక్కున తిరుగుతుంది. మలుపు దాటి వేగం పుంజుకునే చోట వెనక బ్రేకు డిస్కు ఎర్రగా కాలుతుండటం చూసి డారెన్ హీత్ అనే ఫొటోగ్రాఫర్‌కు అనుమానం వచ్చింది. నూర్‌బర్గ్‌రింగ్ రేసులో కారు మొరాయించి ఆగిపోయాక, డ్రైవరు కూర్చునే చోటులోకి కెమెరా దించి ఫొటో తీశాడు. మూడో పెడల్ బయటపడింది. 1998లో బ్రెజిల్ రేసు దగ్గర ఫెరారీ అభ్యంతరం చెప్పడంతో దాన్ని నిషేధించారు.

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు రైతుకు ఈ కిటుకు కొత్త కాదు. ఆయన ట్రాక్టరుకు కుడికాలి దగ్గర పక్కపక్కనే రెండు బ్రేకు పెడళ్లుంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. చాలు చివర గట్టు దగ్గర తిప్పుకోవాలంటే స్టీరింగ్ ఒక్కటే చాలదు. ఏ వైపు తిరగాలో ఆ వైపు పెడల్ నొక్కితే ట్రాక్టరు ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం ఆ రెండింటినీ కలిపే లాక్ తప్పనిసరిగా వేసుకోవాలి. పసుపు బస్తాల ట్రాలీతో నిజామాబాద్ యార్డుకు 63వ నెంబరు జాతీయ రహదారి మీద పోతూ, లాక్ వేయకుండా ఒక్క పెడలే తొక్కితే బండి బోల్తా కొట్టే ప్రమాదముంది.

ఫోర్జా హొరైజన్, గ్రాన్ టురిస్మో, అసెట్టో కోర్సా లాంటి రేసింగ్ గేముల్లో ట్యూనింగ్ పేజీ తెరవగానే కొత్తవాళ్లు బెదిరిపోతారు. గేరు నిష్పత్తులు, డిఫరెన్షియల్, టైరు గాలి, స్ప్రింగులు, బ్రేకు బ్యాలెన్సు అంటూ వరసలు వరసలు. కానీ ఆ పేజీలో ఉన్నదాంట్లో సగం మన వాకిట్లో నిలబెట్టిన ట్రాక్టరులోనే ఉంది. ట్రాక్టరు నడపడం వచ్చిన ఇంటి పిల్లలకు ఈ విద్య సగం వచ్చినట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

డిఫరెన్షియల్ సంగతే చూడండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియలే. దీంతో చిక్కు ఏమిటంటే, ఒక చక్రం బురదలో జారితే ఇంజను శక్తంతా అటే పోయి రెండో చక్రం కదలదు. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు దిగబడితే డ్రైవరు మడమ దగ్గరి డిఫ్ లాక్ నొక్కేది అందుకే. అప్పుడు రెండు చక్రాలూ ఒక్కటై తిరిగి బండి గట్టెక్కుతుంది. లాక్ వేసి ఉండగా మలుపు తిప్పకూడదన్నదీ ఆయనకు తెలుసు, తిప్పినా బండి మాట వినదు. ఫోర్జాలో ఇదే పనికి సున్నా నుంచి వంద శాతం దాకా మీట ఉంటుంది. వందకు పెడితే కారు మలుపులో తిరగనని మొండికేస్తుంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం ఒక్కసారిగా జారిపోతుంది. మరీ తగ్గిస్తే లోపలి చక్రం ఊరికే పొగలు కక్కుతుంది. శక్తిమంతమైన కారును మచ్చిక చేసుకోవాలంటే నేను మొదట చేయి పెట్టేది ఈ మీట మీదే.

ట్రాక్టరు వెనక టైర్లలో ముప్పావు వంతు దాకా నీళ్లు నింపుతారని తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. బరువు పెరిగితే నేల మీద పట్టు పెరుగుతుంది. రేసు కారుకూ పట్టు కావాలి, కానీ బరువు వద్దు. అందుకే వెనక రెక్క పెట్టి గాలితోనే కారును నేలకు అదిమిస్తారు. ఆ రెక్కను నిటారుగా పెట్టేకొద్దీ మలుపుల్లో వేగం పెరిగి, తిన్నని దారిలో తగ్గుతుంది.

గాలి ఎంత అడ్డమో చెప్పే లెక్క ఒకటుంది. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ 1,001 హార్స్‌పవర్‌తో గంటకు 407 కిలోమీటర్లు అందుకుంది. 2010లో దాని సూపర్ స్పోర్ట్ రకం 431 అందుకోవడానికి 1,200 హార్స్‌పవర్ పట్టింది. అంటే పైన 24 కిలోమీటర్ల కోసం రెండు వందల గుర్రాలు, మన ట్రాక్టర్ల లెక్కలో నాలుగింటి పైమాటే! గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. గేములోనూ ఇంజను మీదే డబ్బంతా పోసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టడం మేలు, ఎందుకంటే ఎన్ని గుర్రాలున్నా రోడ్డును తాకేది ఒక్కో టైరు కింద అరచేయంత జాగానే.

టైరు ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే లోపలి గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. 45 డిగ్రీలకు చేరే మన మే ఎండల్లో 44వ నెంబరు రహదారి మీద గంటసేపు నడిపిన కారు టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది. గేములో మాత్రం చూడాల్సింది వేడెక్కాక ఉన్న లెక్క. రెండు మూడు ల్యాపులు తిప్పి, టైరు వివరాల తెరలో చూసి సర్దుకోవాలి.

గేములో నేర్చింది నిజమైన ట్రాకు మీదా పనికొస్తుంది. గ్రాన్ టురిస్మో మొదటి గేము 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. కజునోరి యమౌచి బృందం దానికి అయిదేళ్లు కష్టపడింది.

గ్రాన్ టురిస్మో ఆడినవాళ్లను నిజమైన రేసర్లుగా మార్చే పోటీని నిస్సాన్, సోనీ కలిసి 2008లో మొదలుపెట్టాయి. దాని పేరు జీటీ అకాడమీ. తొలి విజేత స్పెయిన్‌కు చెందిన లూకాస్ ఒర్డోనెజ్, 2011 విజేత బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో. 2013 లే మాన్ 24 గంటల రేసులో మైకేల్ క్రుమ్‌తో కలిసి ఈ ఇద్దరూ ఒకే కారు నడిపి తమ తరగతిలో మూడో స్థానం సాధించారు. 2014లో ఈ పోటీ మన దేశానికీ వచ్చింది. గేములతో కాలం వృథా అని పిల్లల్ని కసిరే ముందు పెద్దలు ఈ కథ ఒకసారి వినాలని నా కోరిక.

నిజమైన రేసర్లకూ తెర మీది సాధన తప్పదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో ఆ రేసు జరగడం అదే మొదటిసారి. సుమారు 2.8 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. రోజూ బస్సులు తిరిగే రోడ్డే ట్రాకు కాబట్టి ముందుగా వచ్చి సాధన చేసే వీలుండదు, డ్రైవర్లు సిమ్యులేటర్ల మీదే ఆ మలుపులు నేర్చుకుని వస్తారు. ఆ కార్ల వెనక చక్రాలను మామూలుగా నెమ్మదింపజేసేది బ్రేకులు కావు, మోటారే. అదే ఊపులో బ్యాటరీకి చార్జింగ్ కూడా ఎక్కిస్తుంది. ఆ రేసులో జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో తక్కువ చార్జింగ్‌తోనే నిక్ కాసిడీని అడ్డుకుంటూ, సెకను తేడా కూడా లేకుండా గెలిచాడు.

ఇక గేములో పెద్ద కారు ఎక్కినవాళ్లకు ఒక మాట. టైరుకున్న పట్టును స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ పంచుకుంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌కు మిగిలేది చాలా తక్కువ. అందుకే కారు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు గట్టిగా తొక్కి, మలుపులోకి దిగేకొద్దీ వదులుతూ రావాలి, బయటికి వచ్చేటప్పుడు స్టీరింగ్ ఎంత విప్పితే అంతే యాక్సిలరేటర్ ఇవ్వాలి. కంట్రోలర్ మీట సగం నొక్కి ఆగడం వేలికి అలవాటయ్యేదాకా, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ తీసేయకండి. ట్యూనింగ్ మార్చేటప్పుడు ఒకసారికి ఒక్క మీటే కదిపి, అదే ట్రాకులో మళ్లీ తిప్పి సమయం రాసుకోండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే, ల్యాపు మెరుగుపడినా అది దేనివల్లో తేలదు.