గాదెలో గింజ - కంచంలో పోషణ

ప్రవాసాంధ్రుల వంటిళ్లలో కొర్రలు, సజ్జలు, రాగిపిండి మళ్లీ చోటు చేసుకుంటున్నాయి. మధుమేహానికి వెరచి కొందరు, బరువు తగ్గాలని మరికొందరు వీటిని కోరి కొనుక్కుంటున్నారు. రెండు మూడు తరాల క్రితం దక్కను పీఠభూమిలోని మెట్టరైతు ఇంట ఇవే నిత్యాహారం. వరి అన్నం పండుగనాటి వైభవం. ఉదయం అంబలి, మధ్యాహ్నం జొన్న గటక, రాత్రి రొట్టె. పక్కన పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ లేదా ఏదో ఒక ఆకుకూర. ఆ కంచం ఎందుకు మారింది, మారడం వల్ల ఆ రైతు కుటుంబానికి ఒనగూడిన మేలెంత, కీడెంత అన్నది పోషకాహార శాస్త్రం నిదానంగా విచారించవలసిన విషయం.

మెట్టనేల మర్మం

వర్షాధారపు చల్కనేలల్లో జొన్న, సజ్జ, కొర్ర నిలదొక్కుకోవడానికి కారణం వాటి ఆకుల నిర్మాణంలోనే ఉంది. బొగ్గుపులుసు వాయువును ప్రత్యేక కణాలలో సాంద్రీకరించుకొని వాడుకొనే శక్తి వీటికి కలదు; వరికి లేదు. అందువల్ల ఇవి తక్కువ నీటితో, మండుటెండలో సైతం గింజ కట్టగలవు. పైగా రైతు జొన్నను ఒంటరిగా విత్తేవాడు కాడు. సాళ్ల మధ్య కంది, పెసర, అలసంద, నువ్వు వేసేవాడు. కంది వేళ్లపై బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందించేవి. వాన ముఖం చాటేసి ఒక పంట దెబ్బతిన్నా మరొకటి ఇంటిల్లిపాదినీ ఆదుకొనేది.

పొలం నేర్పిన ఈ పొత్తు కంచంలోనూ పనిచేసింది. ధాన్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరవడుతుంది. పప్పులలో అది సమృద్ధి. పప్పులలో కొరవడే మిథియోనిన్ ధాన్యంలో దొరుకుతుంది. రొట్టె, పప్పు కలిసినప్పుడే మాంసకృత్తులు శరీరానికి పూర్తిగా ఉపకరిస్తాయి.

జొన్న ఒక్కటే మిగిలినప్పుడు

అయితే గతమంతా బంగారమనుకోవడం పొరపాటు. కోతల తరువాత నిండిన గాదె, కలుపు పనులు ముమ్మరమయ్యే ఆషాఢ శ్రావణాలకు అడుగంటేది. ఒంటికి బలం అత్యవసరమైన రోజులలోనే ఇంట్లో గింజ కరువు. అప్పు తీర్చడానికి పంట చేతికి రాగానే చవకగా అమ్ముకొని, ఆపై అదే గింజను హెచ్చు ధరకు కొనుక్కునే కుటుంబాలకు పప్పు అందని పండు. జొన్న ఒక్కటే ఆహారమయ్యేది.

దాని పర్యవసానం హైదరాబాదు ఆసుపత్రులలో కనిపించింది. ఎండ సోకినచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిభ్రమణం ఈ వ్యాధి లక్షణాలు. పేరు పెల్లాగ్రా. మొక్కజొన్న ప్రధానాహారమైన దేశాలలో ప్రసిద్ధమైన ఈ వ్యాధి నయాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వస్తుంది. మొక్కజొన్నలోని నయాసిన్ చాలావరకు శరీరానికి అందని రూపంలో బంధింపబడి ఉంటుంది. మరి జొన్న తినేవారికెందుకు వచ్చింది? కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా ఈ ప్రశ్నను చేపట్టారు. జొన్నలో మితిమీరి ఉన్న ల్యూసిన్ నయాసిన్ వినియోగాన్ని దెబ్బతీస్తుందని 1960లో ప్రతిపాదించారు. ల్యూసిన్ పాత్ర ఎంతన్న దానిపై తరువాత శాస్త్రవేత్తలలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఒక్కటి మాత్రం నిర్వివాదం: పప్పు, పాలు, మాంసం తోడున్న ఇంట జొన్న ఎవరికీ కీడు చేయలేదు. దోషం గింజది కాదు, ఒంటరితనానిది.

బియ్యం వచ్చింది, వైవిధ్యం పోయింది

1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదవాని ఆకలిని గణనీయంగా తగ్గించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం అర్హులైన సామాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది; 2023 నుంచి అది ఉచితమైంది. ఆషాఢపు ఆకలికి ఇది గొప్ప ఊరట అనడంలో సందేహం లేదు.

కానీ కడుపు నిండడం వేరు, పోషణ అందడం వేరు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు, ఇనుము 0.7 మిల్లీగ్రాములు. సజ్జలలో అవి 11.6, 8.0. రాగులలో సున్నం 344 మిల్లీగ్రాములు, బియ్యంలో 10 మాత్రమే. మరోవంక మెట్టభూములలో జొన్న స్థానాన్ని పత్తి ఆక్రమించింది. పత్తి డబ్బు తెస్తుంది, కానీ వండుకొనేది కాదు. జొన్నతోపాటు అంతరపంట కందీ పోయింది. కలుపు మందులు వచ్చాక గట్ల వెంట ఉచితంగా దొరికే పొన్నగంటి, తుమ్మి, గంగపాయల వంటి కూరలూ కరువయ్యాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయిదేళ్లలోపు పిల్లలలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివారు 31.2, 33.1 శాతం. అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే ఇల్లాలి కంచంలో అన్నం ఉంటుంది. పప్పు, కూర ఉండవు.

జహీరాబాదు పాఠం

ఒకప్పటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు పరిసర గ్రామాలలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మరొక దారి చూపాయి. 1990లలో పడావు పడిన భూములను సాగులోకి తేవడానికి చిన్నరైతులకు అప్పు ఇచ్చి, దానిని నగదుగా కాక జొన్నల రూపంలో వసూలు చేశారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలలలో పేద ఇళ్లకు తక్కువ ధరకు అందించారు. ఎవరు ఎంత పేదలో ఊరివారే నిర్ణయించారు. అధికశాతం దళిత స్త్రీలైన ఈ సభ్యులు పాత విత్తనాలను భద్రపరచి, ఏటా పాత పంటల జాతర జరుపుకుంటూ వచ్చారు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా భావించడమూ తగదు. వాటిలోని ఫైటేట్లు ఇనుమును శరీరానికి పూర్తిగా అందనీయవు. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలిగా పులియబెట్టడం వాటిని తగ్గిస్తాయి. నిమ్మరసం, ఉసిరి ఇనుము గ్రహింపును పెంచుతాయి. అవ్వల నాటి వంట పద్ధతులకు శాస్త్రం ఆలస్యంగా ఇచ్చిన సమర్థన ఇది. ఆహార శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

స్వగ్రామానికి ఏదైనా చేయాలని తలచే ప్రవాస కుటుంబాలు ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది. ఊరికి నేడు కొరవడింది బియ్యపు బస్తా కాదు. బడిపిల్లల కంచంలో గుడ్డు, పెరట్లో మునగచెట్టు, ఆకుకూరల మడి, మెట్టచేలో మళ్లీ ఒక కందిసాలు: ఇవి కొరవడ్డాయి. గాదె నిండుగా ఉన్నంతమాత్రాన ఇల్లు చల్లగా ఉన్నట్లు కాదు. చివరగా కూర్చునే ఇల్లాలి కంచంలో ఏముందో చూసినప్పుడే ఆ సంగతి తేలుతుంది.