తండ్రి గద్దింపు, కుమారుడి పిడికిలి

ఐదేళ్ళ పసివాడు చేతులకు గ్లవుజులు తొడుక్కుని నిలబడ్డాడు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్న ఒక మనిషి వాణ్ణి కవ్విస్తూ, గేలి చేస్తూ దెబ్బలు వేస్తున్నాడు. వాడు ఏడుస్తూ తిరగబడితే మరో దెబ్బ! ఆ మనిషి పరాయివాడు కాడు, వాడి కన్నతండ్రే. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పెన్సకోలా పట్టణంలో 1970లలో జరిగిన సంగతి ఇది. ఆ పసివాడే తర్వాత ప్రపంచ బాక్సింగ్‌ను ఏళ్ళ తరబడి ఏలిన రాయ్ జోన్స్ జూనియర్. తండ్రి పేరు కూడా రాయ్ జోన్సే.

ఆ తండ్రిని రాక్షసుడని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు. ఆయన వియత్నాం యుద్ధంలో పోరాడి పతకం అందుకున్న సైనికుడు. తానూ బాక్సరే. 1977లో మార్విన్ హాగ్లర్ అనే యువకుడితో తలపడి మూడో రౌండులోనే ఓడిపోయాడు. ఆ హాగ్లర్ మూడేళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఈయన మాత్రం పెన్సకోలాలోనే మిగిలిపోయాడు. అయినా ఊరికే కూర్చోలేదు. పేదపిల్లలు వీధుల్లో చెడిపోకూడదని జిమ్ నడిపాడు. ఎవరి పిల్లలకైనా ఆయన మంచి గురువే. సొంత కుమారుడి విషయంలోనే కొలత తప్పింది. తనకు దక్కనిది వాడికి దక్కాలి, అదీ తన చేతుల మీదుగానే దక్కాలి! అందుకోసం తిట్టాడు, అందరిముందూ అవమానించాడు, చేతికందినదానితో కొట్టాడు. ఇంట్లో నాన్నకు భయపడినంతగా రింగులో ఎవరికీ భయపడలేదని రాయ్ స్వయంగా విలేకరులతో చెప్పుకున్నాడు.

ఇది చదివి పెన్సకోలా తండ్రి మీద రాయి విసరడానికి మన చెయ్యి లేస్తుంది. కాస్త ఆగుదాం. పదో తరగతి మార్కుల జాబితా చేతికొచ్చిన రోజున మన ఇంట్లో ఏం జరిగింది? సండేస్కూల్ పోటీలో కంఠత వాక్యం మధ్యలో మరచిపోయిన పిల్లవాణ్ణి ఇంటికొచ్చాక మనం ఏమన్నాం? ‘వాడి మంచికే’ అన్న మాట మనమూ ఎన్నిసార్లు వాడుకోలేదు? తండ్రులు పిల్లలకు కోపం పుట్టించవద్దని ఎఫెసీయులకు రాసిన పౌలు, కొలొస్సయులకు రాసేటప్పుడు దానికి కారణం కూడా చేర్చాడు. పిల్లల గుండె దిగజారిపోతుందని ఆయన భయం. పిల్లల విధేయత గురించిన మాటను గోడకు తగిలించుకున్నంత ఇష్టంగా దాని పక్కనే ఉన్న ఈ మాటను మనం తగిలించుకోం!

రాయ్ గుండె మాత్రం అంత తొందరగా దిగజారలేదు. 1986లో, 1987లో జాతీయ గోల్డెన్ గ్లవ్స్ పోటీలు గెలిచాడు. 19 ఏళ్ళకే అమెరికా జట్టులో సియోల్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1988 అక్టోబర్ 2న ఫైనల్. ప్రత్యర్థి ఆతిథ్య దేశమైన దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సి హున్. మూడు రౌండ్లలో రాయ్ కొట్టిన దెబ్బలు 86 తగిలితే, పార్క్ కొట్టినవి 32 మాత్రమే తగిలాయి. చూసినవారెవరికీ అనుమానం లేదు. కానీ ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు పార్క్ గెలిచాడన్నారు! విజేతగా చెయ్యి పైకెత్తిన పార్క్ ముఖంలోనూ సంతోషం కనబడలేదు. ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ బాక్సర్‌కిచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని రాయ్‌కే ఇచ్చారు. అంటే, అందరికంటే మేటివి నీవే గానీ నీ విభాగంలో నీవు రెండోవాడివి అన్నమాట! ఇంతకంటే విడ్డూరమైన తీర్పు ఒలింపిక్ చరిత్రలో వెతికినా దొరకడం కష్టం. ఆ గొడవ తర్వాతే మార్కులు వేసే పద్ధతి మార్చి, దెబ్బ తగిలినప్పుడల్లా జడ్జీలు మీట నొక్కే విధానం తెచ్చారు. 1997లో ఒలింపిక్ కమిటీ విచారణ కూడా జరిపింది. లంచాలకు ఆధారం లేదని చెప్పి తీర్పును అలాగే ఉంచేసింది.

వెండి పతకంతో ఇంటికొచ్చిన కుమారుడికి తండ్రే మేనేజర్, తండ్రే శిక్షకుడు. 1989లో వృత్తి బాక్సింగ్ మొదలైంది. ఎవరితో తలపడాలి, ఎక్కడ తలపడాలి, ఎంతకు తలపడాలి, అన్నీ తండ్రి ఇష్టమే. పెద్ద పోటీలు రాకుండా సంవత్సరాలు దొర్లిపోతున్నాయని బయటివాళ్ళు విమర్శించారు. కుమారుడు నోరెత్తలేదు. చివరికి 1992లో తాను ప్రాణంగా పెంచుకున్న కుక్కను తండ్రి తుపాకీతో కాల్చిచంపడంతో అన్నేళ్ళ మౌనం ఒక్కసారిగా తెగిపోయింది. 23 ఏళ్ళ రాయ్ తండ్రి నీడలోనుంచి బయటికి నడిచాడు. సియోల్‌లో అమెరికా జట్టుకు సహాయ కోచ్‌గా ఉన్న ఆల్టన్ మెర్కర్సన్‌ను పిలిపించుకున్నాడు. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి గుమ్మం వైపు చూస్తూ ఎదురుచూశాడు. ఈ ఇంట్లో గుమ్మానికి రెండువైపులా బిగుసుకున్న పిడికిళ్ళే.

ఆ తర్వాతి పదేళ్ళూ చూసినవారు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 1993లో బెర్నార్డ్ హాప్కిన్స్‌ను, 1994లో జేమ్స్ టోనీని ఓడించాడు. 1996లో ఒకరోజు పగలు బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడి, అదేరోజు సాయంత్రం రింగులోకి దిగి టైటిల్ నిలబెట్టుకున్నాడు (గర్వమంటే గర్వమే గానీ, అది చెల్లిన గర్వం!). 1997లో మాంటెల్ గ్రిఫిన్ మోకాలి మీద కూలినప్పుడు ఆవేశం ఆపుకోలేక కొట్టి అనర్హుడయ్యాడు. వృత్తిలో అదే మొదటి ఓటమి. నాలుగైదు నెలలకే మళ్ళీ తలపడి మొదటి రౌండులోనే బాకీ తీర్చుకున్నాడు. 2003 మార్చిలో జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీ వెయిట్ టైటిల్ కూడా గెలిచాడు. ఒకప్పటి మిడిల్ వెయిట్ చాంపియన్ ఆ మెట్టెక్కడం 1897 తర్వాత అదే మొదటిసారి.

శిఖరం మీదనుంచే లోయ మొదలైంది. రూయిజ్ కోసం 193 పౌండ్లకు పెంచుకున్న శరీరాన్ని ఎనిమిది నెలల్లో మళ్ళీ 175కు దించాడు. 34 ఏళ్ళ వయసులో కండ కరిగించుకోవడం ఆటకాదు. ఆంటోనియో టార్వర్‌పై 2003 నవంబర్‌లో ఎలాగో గట్టెక్కాడు. 2004 మేలో అదే టార్వర్ రెండో రౌండులో ఒక్క దెబ్బతో నేలకూల్చాడు. సెప్టెంబర్‌లో మెంఫిస్‌లో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండులో కొట్టిన దెబ్బకు రాయ్ నిమిషాలపాటు లేవలేక పడిపోయాడు. అంతవరకు ముఖం మీద గీత పడని మనిషి!

అప్పుడు ఎవరిని పిలిచాడో తెలుసా? తండ్రిని. 2005 అక్టోబర్ 1న టాంపాలో టార్వర్‌తో మూడోసారి తలపడినప్పుడు రాయ్ మూలలో నిలబడింది ఆ ముసలి సైనికుడే. 13 ఏళ్ళ దూరం ఆ రాత్రికి కరిగింది. మనకు తెలిసిన సాక్ష్యాల పద్ధతిలోనైతే ఇక్కడ విజయం రావాలి, జనం చప్పట్లు కొట్టాలి. రాలేదు. పన్నెండు రౌండ్లు ఆడి రాయ్ ఓడిపోయాడు. కాకపోతే ఈసారి కూలిపోలేదు. చివరి గంట మోగేవరకు తన కాళ్ళమీదే నిలబడ్డాడు. సమాధానపడిన ప్రతి ఇంటికీ మరుసటి రోజే కప్పు దొరకదు.

2008 నవంబర్ 8న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాయ్‌కు ఎదురైన జో కాల్జాగి కూడా తండ్రి తయారుచేసినవాడే. జో తండ్రి ఎంజో ఇటలీలోని సార్డీనియా దీవి మనిషి, వేల్స్‌లో స్థిరపడ్డ సంగీతకారుడు. వృత్తి బాక్సింగ్ చేసి ఎరుగడు. బ్యాండులో వాయించేవాడికి బాక్సింగ్ ఏం తెలుసు, ఆయన్ను మార్చేయమని జోకు సలహాలిచ్చినవారున్నారు. జో మార్చలేదు. ఎంజో నోరు మెత్తనిదేమీ కాదు, జిమ్‌లో ఇద్దరూ కేకలేసుకునేవారు. అయితే ఆ కేకల్లో కుమారుడూ తిరిగి కేక వేయగలిగాడు! మనకు కనిపించే తేడా అంతా అక్కడే ఉంది. 2006లో చేతి గాయంతో జెఫ్ లేసీతో పోటీనుంచి తప్పుకోవాలనుకున్న జోను నచ్చజెప్పి నిలబెట్టింది ఎంజోనే. ఆ రాత్రి జో జీవితంలోనే గొప్ప ఆట ఆడాడు. న్యూయార్క్‌లోనూ మొదటి రౌండులో రాయ్ దెబ్బకు కిందపడి లేచి, మిగతా రౌండ్లన్నీ ఇంచుమించు తనవే చేసుకున్నాడు. 46 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 2009లో రిటైరయ్యాడు. ఎంజో 2018లో కన్నుమూశాడు.

రాయ్ మాత్రం ఎన్ని ఓటములు మీదపడినా ఆగలేదు. 40 దాటినా, చూసేవారికి బాధ కలిగినా ఆడుతూనే వచ్చాడు. చిన్నప్పుడు ఆగడం ఎవరూ నేర్పలేదేమోనని మాకనిపిస్తుంది. 2022లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతణ్ణి గౌరవించింది.

మరుసటి ఏడాది, 2023లో, పెన్సకోలాలో రాయ్ ఇంటికి కొరియానుంచి ఒక అతిథి వచ్చాడు. పార్క్ సి హున్! తనది కాని గెలుపును ఇన్నేళ్ళూ మోసిన ఆ మనిషికి స్వదేశంలోనూ నిందలు తప్పలేదు. ఆ వెలితి ఆయనను వదల్లేదు. సంచిలోనుంచి సియోల్ బంగారు పతకం తీసి, ఇది నీదేనంటూ రాయ్ చేతిలో పెట్టాడు. రాయ్‌కు మాట తడబడింది. ఈ దృశ్యం 2025లో లోకానికి తెలిసింది. ఒలింపిక్ పుస్తకాల్లో విజేత పేరు ఇప్పటికీ పార్క్‌దే. పతకం మాత్రం 35 ఏళ్ళు ఆలస్యంగా, ఐదేళ్ళ రాయ్ ఏడుస్తూ మొదటి దెబ్బ తిన్న ఊరికే చేరుకుంది.