ఓక్‌మాంట్‌లో చెట్లు ఎందుకు కొట్టేశారు?

ఏటా ఉత్సవానికి ముందు సున్నం కొట్టీ కొట్టీ, గోడమీది శిల్పాలకు ముక్కూ మొహమూ లేకుండా పోయిన పాత గుళ్ళు మనవైపు కావలసినన్ని ఉన్నాయి. కొట్టించిన ధర్మకర్తలెవరూ గుడిని పాడుచేద్దామని కొట్టించలేదు. శుభ్రంగా ఉండాలనీ, చూడముచ్చటగా ఉండాలనీ భక్తితోనే కొట్టించారు. ఒక్కొక్క పూత కాగితమంత మందం. కాని వంద పూతలయ్యేసరికి లోపలి నర్తకి కాస్తా గుండ్రాయి అయి కూచుంది.

ఇలాంటి కథే అమెరికాలో ఒక గోల్ఫ్ మైదానానికి జరిగింది. అక్కడ సున్నం బదులు చెట్లు.

గోల్ఫ్ అంటే మనలో చాలామందికి పెద్దదొరల ఆట అని తప్ప ఎక్కువ తెలియదు. తెలియనివారికోసం రెండు ముక్కల్లో చెబుతాను. మన బిళ్ళంగోడులాగే ఇదీ కర్రతో కొట్టే ఆటే. చిన్న తెల్లబంతిని కొట్టుకుంటూ పోయి, మూడు నాలుగు వందల గజాల అవతల, నున్నగా కత్తిరించిన పచ్చిక మధ్య నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న గుంటలో వెయ్యాలి. ఆ నున్నటి జాగాను గ్రీన్ అంటారు. అలాంటివి పద్ధెనిమిది. ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. దారిలో ఆటగాణ్ణి ఏడిపించడానికి ఇసుకగోతులుంటాయి, వాటిని బంకర్లంటారు. క్రికెట్టు పిచ్చి ఏ దేశంలోనైనా ఇరవైరెండు గజాలే. గోల్ఫ్ మైదానాలు మాత్రం ఏ రెండూ ఒక్కలా ఉండవు. అంచేత మైదానం స్వరూపం మారిందంటే ఆటే మారినట్టు లెక్క.

ఈ ఆటకు పుట్టిల్లు స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ అంటారు. సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బల మీద ఉన్న మైదానం. చలిగాలికి ఓర్వలేక గొర్రెలు దిబ్బల చాటున ఒదిగి ఒదిగి పడుకోగా పడ్డ గోతులే మొదటి బంకర్లని చెప్పుకుంటారు. అక్కడి పాత మైదానంలో ఇప్పటికీ నూటపన్నెండు బంకర్లున్నాయి. ఆట జరిగే దారిలో చెట్టన్నది లేదు. 1978లో జపాను ఆటగాడు నకజిమా పదిహేడవ గ్రీన్‌మీద బంతిని మెల్లగా దొర్లించబోతే, అది పక్కనున్న గోతిలోకి జారింది. బయటికి తీయడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. టైగర్ వుడ్స్ 2000లో అదే మైదానంలో నాలుగు రోజులు ఆడి, ఒక్కసారయినా ఏ గోతిలోనూ బంతి పడకుండా గెలిచాడు. గోతుల విలువ ఏమిటో ఈ రెండు కథలే చెబుతాయి.

ఆ గోతులు అలా నిలబడి ఉండటం తమంతట తాము జరిగే పని కాదు. పచ్చికతోపాటు చెక్కిన మట్టిపెళ్ళలను ఇటుకల్లాగా ఒకదానిమీద ఒకటి పేర్చి గోతి గోడ కడతారు. ఎండ తగిలేవైపు గోడ ఎండి ముందు రాలుతుంది. కొన్నేళ్ళకొకసారి చలికాలంలో విప్పి మళ్ళీ కట్టాలి. అంటే వందల ఏళ్ళ నాటి గోతులకు ఉన్న గోడలు నిన్న మొన్నటివన్నమాట. అయినా చూసినవారు పాతవే అంటారు. సరిగ్గానే అంటారు, ఎందుకంటే కట్టేవాడు పాత కొలతను వదలడు.

ఓక్‌మాంట్‌లో వదిలారు.

ఈ ఓక్‌మాంట్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గు పక్కన ఉంది. మనవాళ్ళకు పిట్స్‌బర్గు అనగానే 1976లో వెలసిన వేంకటేశ్వరస్వామి కోవెల గుర్తుకొస్తుంది. ఆ కోవెల ఉన్న పెన్‌హిల్స్‌నుంచి ఈ మైదానానికి కారులో అరగంట కూడా పట్టదు. హెన్రీ ఫౌన్స్ అనే ఉక్కు వ్యాపారి 1903లో పొలాలు కొని, నూటయాభైమంది పనివాళ్ళనూ కంచరగాడిదలనూ పెట్టి ఏడాదిలో దీన్ని తయారుచేయించాడు. చుట్టూ బోడినేల. గాలికి అడ్డం లేదు. గ్రీన్లు అద్దంలాగా జారుడు. నేల బంకమన్ను కావడంచేత గోతులు లోతుగా తవ్వడానికి కుదరలేదు. అయితేనేం, పెద్ద పెద్ద పళ్ళున్న బరువైన దంతెతో ఇసుకను నాగటిచాళ్ళలాగా గీయించారు. బంతి చాలులో పడిందా, పైకి లేవడం దైవాధీనం. కొడుకు విలియం ఇంకా ఘనుడు. ఎవరైనా ఆటగాడు ఒకచోట సునాయాసంగా తప్పించుకుపోయాడని కనిపెడితే, అక్కడ కొత్త గొయ్యి తవ్వించేవాడట. ఒక దశలో బంకర్లు మూడువందలు దాటాయి. మూడవ, నాలుగవ దారుల మధ్య ఉన్న గోతిలో పచ్చికగట్లు వరసగా బల్లలు వేసినట్టుంటాయి. దాన్ని ‘చర్చి బల్లలు’ అనే పిలుస్తారు.

తండ్రి 1935లో పోయాడు, కొడుకు 1950లో. ఆ తరవాత వచ్చినవారు మంచివారు. మైదానం మరీ మొరటుగా ఉందన్న మాట వారి చెవిని పడింది. చాళ్ళ దంతె 1960లలో మూలపడింది. అదే రోజుల్లో చెట్లు నాటడం మొదలైంది. ఊరిపేరులోనే ఓక్ ఉన్నది, నాటితే తప్పేమిటి? ఓక్‌లు, స్ప్రూస్‌లు, పూలచెట్లు వేల సంఖ్యలో నాటారు. చిన్న మొక్క ఎవరికి అడ్డు? నాటిన ముప్ఫై ఏళ్ళకు తెలిసింది. ఒక్కొక్క దారీ రెండు పచ్చటి గోడల మధ్య సందు అయిపోయింది. గాలి ఆగిపోయింది. పొద్దుటెండ పడక గ్రీన్లమీద గడ్డి పీలగా తయారైంది. వేళ్ళు పోయి నీరూ సత్తువా లాగేసుకున్నాయి. గోతిలో పడ్డవాడికి ఎదురుగా చెట్టు. ఇసుకలోనుంచి సాహసం చేసి గ్రీన్ అందుకునే అవకాశం పోయింది, పక్కకు కొట్టుకోవడం తప్ప గతిలేదు. కొన్ని గోతులైతే కొమ్మల కిందికి పోయి, ఆటకు అక్కరకు రాకుండా ఊరికే ఉన్నాయి.

గోతుల సంగతి ఇంకో తమాషా. ఆటగాడు బంతిని లేపినప్పుడల్లా గుప్పెడు ఇసుక ఎగిరి గట్టుమీది గడ్డిలో పడుతుంది. గడ్డి దాన్ని పట్టుకుని పైకి పెరుగుతుంది. మర్నాడు ఇంకో గుప్పెడు. ఇలా గట్టు ఏటా కాస్త కాస్త ఎత్తవుతుంది. అంచులు సాపుచేసే పనివాడు ఒక అంగుళం లోపలికో వెలపలికో చెక్కుతాడు. వంకర టింకరగా ఉన్న గొయ్యి కొన్నాళ్ళకు గుండ్రంగా మారుతుంది, యంత్రంతో గడ్డి కొయ్యడానికి వీలు కదా! ఎవరూ మార్చాలని తీర్మానం చెయ్యలేదు. అదంతటదే మారింది.

1990లలో క్లబ్బు పెద్దలు కొందరు పాత ఫోటోలు ముందేసుకుని చూసి నివ్వెరపోయారు. ఇది ఆ మైదానమేనా? చెట్లు కొట్టించాలనుకున్నారు. సభ్యులు ఒప్పుకుంటారా? అంచేత పని రహస్యంగా సాగింది. తెల్లవారకముందే దీపాలు పెట్టుకుని చెట్టు కొట్టడం, మొదలు తీసెయ్యడం, రంపపుపొట్టు ఊడ్చి పచ్చిక పరచడం. సభ్యులు వచ్చేసరికి అక్కడ చెట్టున్న జాడే ఉండదు. చాలాకాలం ఎవరూ గుర్తుపట్టనేలేదంటే, ఆ చెట్లంటే వారికున్న ప్రేమ ఏపాటిదో! బయటపడ్డాక మాత్రం పెద్ద రభసే జరిగింది. అయినా పని ఆగలేదు. మొత్తంమీద కొట్టేసినవి పదిహేను వేల దాకా ఉంటాయంటారు.

2025 జూన్‌లో అక్కడ అమెరికా ఓపెన్ పోటీ జరిగింది. పోటీకి ముందు ఆటగాళ్ళు అభ్యాసం చేసుకునే రోజున మా మేనల్లుడు అక్కయ్యనూ నన్నూ తీసుకెళ్ళాడు. గుట్టమీద క్లబ్బు భవనం దగ్గర నిలబడితే దాదాపు మైదానమంతా ఒక్క చూపులో కనబడుతుంది. ఎక్కడో జెండా రెపరెపలాడుతున్నది, ఇంకెక్కడో బంతి ఎగురుతున్నది. నాకు చాలా నచ్చింది. అక్కయ్యకు నచ్చలేదు.

“పదిహేను వేల చెట్లు కొట్టేస్తే పాపం కాదుట్రా? నీడకైనా ఒక్కటి ఉంచలేదు” అన్నది కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ.

“ఇక్కడ మొదట లేవు కదమ్మా” అన్నాడు మావాడు.

“మొదట మీ తాతగారింట్లో కరెంటూ లేదు. తీసేయించామా?”

ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. ఓర్పుగా విన్నది, ఒప్పుకున్నదని మాత్రం చెప్పను. మన గోలకొండ నయాఖిల్లాలో, ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉన్నచోట, ‘హతియాన్ కా ఝాడ్’ అనే బ్రహ్మాండమైన చెట్టున్నది. వయసు నాలుగువందల ఏళ్ళకు పైమాటే. దాన్ని ముట్టుకుంటే ఊరుకునేవాణ్ణి కాను. అది ముందునుంచీ అక్కడ ఉన్నది, ఆటే దాని దగ్గరికి వచ్చింది. ఓక్‌మాంట్ చెట్లు అలా కావు. ఆట దగ్గరికి వాటిని తెచ్చారు. అగస్టా మైదానంలో ఒక పైన్ చెట్టు అధ్యక్షుడు ఐసన్‌హోవర్ బంతులను ఆపీ ఆపీ ఆయన్ను విసిగించింది. 1956లో క్లబ్బు సమావేశంలో దాన్ని కొట్టెయ్యాలని ఆయన ప్రతిపాదించబోతే, క్లబ్బు పెద్ద సభనే ముగించేశాడు! అధ్యక్షుడి మాట చెల్లలేదు. 2014లో మంచుతుఫాను దెబ్బకు కాని ఆ చెట్టు కదలలేదు. ఒక్క చెట్టు ఆటను పదును చెయ్యవచ్చు. వేల చెట్లు చేసేది అది కాదు, గాలిని చంపుతాయి.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. చెట్లు తీసేశాక మైదానం సులువు కాలేదు. ఆ 2025 పోటీలో నాలుగు రోజులూ ఆడినవారందరిలోకీ, నిర్ణీత దెబ్బలకన్న తక్కువలో ముగించినవాడు ఒక్కడే. గెలిచిన స్పాన్. అదీ ఒక్కటంటే ఒక్క దెబ్బ తక్కువ.

గోతుల వంతు 2023లో వచ్చింది. గిల్ హాన్స్ అనే శిల్పి పాత ఫోటోల ఆధారంగా బంకర్లను తిరిగి తీర్చాడు. చాళ్ళ దంతెను మాత్రం తిరిగి తేలేదు. 2006లో ఇంకోచోట జరిగిన ఒక పోటీలో జాక్ నిక్లాస్ అలాంటి చాళ్ళు గీయిస్తే ఆటగాళ్ళు గోలపెట్టారు. నా మటుకు ఒక్క బంకరులోనైనా ఉంచి చూపిస్తే బాగుండేదనిపించింది.

మేము చర్చిబల్లల గోతి దగ్గర కాసేపు నిలుచున్నాం. ఒక ఆటగాడు అక్కడినుంచి వరసగా పది పన్నెండు బంతులు లేపి వెళ్ళిపోయాడు. వెంటనే ఒక కుర్రవాడు దిగి, ఇసుకను దంతెతో సాపుచేశాడు. తరవాత చీపురులాంటిది తీసుకుని గట్టుమీది గడ్డిని ఊడవడం మొదలుపెట్టాడు.

“గడ్డిని ఊడుస్తాడేమిట్రా?” అన్నది అక్కయ్య.

“దానిమీద ఇసుక పడిందమ్మా” అన్నాడు మావాడు.